ఎవుడు సూసినాడు?

మావ పోయిన ఐదో రోజున నా ఫోనుకి సముద్రం అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఉండే ఆయన స్నేహితుడిది. మావ ఆయన్ని దాదా అనేవాడు కాబట్టి మా పేటలో అందరం దాదా అనే అంటాం. దాదాకి తెలుగు రాదు. మావ దగ్గర నేర్చుకున్న నాలుగైదు మాటలు మాత్రం వచ్చు. అవీ మా పేట మాటలే. ఆ గొంతులో ఉన్నవి రెండే మాటలు.

"ఎవుడు సూసినాడు?"

మావ పోయాడని ఎవరో ఆయనకి చెప్పి ఉంటారు. ఆయన నమ్మలేదు. అలా నమ్మకుండా ఉండడం ఆయనకి మావే నేర్పాడు.

రెండు రోజులయింది. జవాబు పంపలేకపోతున్నాను. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

మావ పేరు రాయను. ఆ పేరుతో మా పేటలో ఆరుగురున్నారు. ఏ ఇంటి ముందు నిలబడి పిలిచినా వేరే ఎవరో పలుకుతారు. అందరూ ఆయన్ని రీచార్జి మావ అనేవారు. శ్రీకూర్మం వెళ్ళే రోడ్డు మీద, బస్సులు ఆగేచోట, నీలం రంగు రేకు కొట్టు ఆయనది. ఫోన్లలో డబ్బులు వేసేవాడు, కరెంటు లేని ఇళ్ళవాళ్ళ ఫోన్లకి ఛార్జింగు పెట్టేవాడు, వల అల్లే సూదితో ఫోన్ల కన్నాల్లో దూరిన ఇసక తీసేవాడు. ఎడం కాలు కుంటి. కుర్రతనంలో వేటకి వెళ్ళి, ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి, బంగ్లాదేశ్ జైల్లో ఏడాదిన్నర ఉండి వచ్చాడు. ఆ కాలూ, ఆ బెంగాలీ భాషా, ఆ దాదా అక్కడి నుంచి తెచ్చుకున్నవే. దాదా కూడా చేపలవాడే. ఏదో తగవులో జైలుకి వచ్చి ఆయన పక్కన పడుకున్నాడు.

మావ నోట్లో ఎప్పుడూ ఉండే మాట ఆ రెండు మాటలే. అవి ఆయన సొంతం కావు. వాళ్ళ నాన్న మాటలు. ఆ రోజుల్లో ఒడ్డు మీద నుంచి పెద్ద వల లాగేవారు. ఒకడు ఇసక దిబ్బ మీద నిలబడి నీళ్ళ రంగు చూస్తాడు. చేపల గుంపు కనబడితే తువ్వాలు ఊపుతాడు. అప్పుడు పడవ వలని తీసుకుని లోపలికి వెళుతుంది, నలభైమంది తాడు పట్టుకుంటారు. తువ్వాలు తప్పుగా ఊపితే పొద్దున్నుంచీ లాగిన వలలో నాచు వస్తుంది. అందుకని వల కదిలేముందు పెద్దవాడొకడు అడుగుతాడు. ఎవుడు సూసినాడు? ఎక్కడ నిలబడి సూసినాడు? నీల్లు ఏ రంగులో ఉన్నాయి? "సూసినారంట" అని ఎవరైనా అంటే వల పడవ దిగదు. మావ వాళ్ళ నాన్న దిబ్బ మీద నిలబడే మనిషి.

ఆ పెద్ద వలలు పోయాయి. ఆ ప్రశ్నని మావ తన రేకు కొట్టులోకి తెచ్చుకున్నాడు.

"మావా, రేపు వాన వస్తాదంట."

"ఎవుడు సూసినాడు?"

"టీవీలో సెప్పినారు."

"టీవీ తడిసినాదేటి?"

ఆడవాళ్ళం ఎండు నెత్తళ్ళ చేపల గంపలు దించుకుని బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆయన్ని కావాలని కెలికేవాళ్ళం. "మావా, అత్తని నువ్వు లేపుకొచ్చినావంట, నిజమేటి?" అంటే, ఫోను తెరని చొక్కా కొసతో తుడుస్తూ, తల ఎత్తకుండా, "సూసినోలు నేరు. అందరూ తాగి పడున్నారు" అనేవాడు. అత్త పోయి చాలా ఏళ్ళయింది అప్పటికే. అయినా ఆ మాట అన్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడేవి.

విన్నదాన్ని ఎప్పుడూ "తెలుసు" అనేవాడు కాదు. "విన్నాను" అనేవాడు. చాలాకాలం కిందట చూసినదాన్ని "అప్పుడు సూసినాను" అనేవాడు. ఆయనతో మాట్లాడడం ఒక్కోసారి విసుగ్గా ఉండేది. సరదాగా నాలుగు మాటలు అనుకుందామంటే పడనిచ్చేవాడు కాదు.

నేను నలభై నాలుగో ఏట చదువు నేర్చుకున్నాను. విజయనగరం బస్సుల కాంప్లెక్సులో గజపతినగరం బస్సు అనుకుని వేరే బస్సెక్కి, ఎండు చేపల గంపతో ఎక్కడో దిగి ఏడ్చిన రోజున నేర్చుకోవాలనుకున్నాను. పేటలో వయోజనుల చదువు కేంద్రం పెట్టినప్పుడు ముందు వరసలో కూర్చున్నాను. పలక మీద కుదురుగా రాయడం వచ్చాక నేను రాసిన మొదటి పేరు నా తమ్ముడిది. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడు వేటకి తీసుకెళ్ళే అల్యూమినియం కేరేజీ మూత లోపల మేకుతో గీశాను: అప్పన్న.

"నా పేరు నాకు సదవడం రాదు గదప్పా, ఎందుకు గీకినావు?" అన్నాడు వాడు. అక్కని మా పేటలో అప్ప అంటారు.

"నీకు కాదురా. నా సరదాకి."

తరవాత నాకు అన్నీ చదవాలనిపించేది. సబ్బు కాగితం, బస్సు టిక్కెట్టు, గోడ మీద రాత. ఫోను కొనుక్కున్నాక అందులో వచ్చేవన్నీ పైకి చదివేదాన్ని. చేపలు ఎండబెట్టే చోట నా చుట్టూ ఆడవాళ్ళు చేరేవారు. వాళ్ళలో ఎవరికీ చదవడం రాదు. అన్నేళ్ళు అక్షరాన్ని దూరం నుంచి చూసిన మనిషిని. రాసి ఉన్నదంటే నాకు దేవుడి ముందు చెప్పినట్టే. రాతలోనూ అబద్ధం ఉంటుందని నాకు తెలియదు.

అప్పన్నా, మరో ఆరుగురూ వెళ్ళిన బోటు ఒక ఏడాది దసరా దాటాక తిరిగి రాలేదు. మావకి జరిగినట్టే జరిగింది. ఇంజను చెడి, అవతలి నీళ్ళలోకి పోయి, పట్టుబడ్డారు. జైల్లో ఉన్నారని కబురొచ్చింది. విడిపిస్తారు, టైము పడుతుంది అన్నారు. మావ రోజూ దాదాతో మాట్లాడేవాడు. "అక్కడ నువ్వు సూడు, ఇక్కడ నాను సూస్తాను" అని వాళ్ళిద్దరికీ ఒప్పందం. అక్కడ జైలు సంగతులు ఆయన చూసి చెబుతాడు, ఇక్కడ వీళ్ళ ఇళ్ళ సంగతులు ఈయన చూసి చెబుతాడు.

మూడు నెలలు గడిచాక ఆ వీడియో వచ్చింది. పోలీసు బట్టలవాళ్ళు కొందరు మనుషుల్ని నేల మీద పడేసి కర్రలతో కొడుతున్నారు. ముఖాలు కనబడవు. కింద తెలుగులో రాసి ఉంది. బంగ్లాదేశ్ జైల్లో మన శ్రీకాకుళం జాలర్లని చంపుతున్నారు, ఆ దేశం వాళ్ళు మన ఊళ్ళలో దుప్పట్లు అమ్ముతూ తిరుగుతున్నారు, వదలకండి, అందరికీ పంపండి.

నేను చదివాను. పైకి చదివాను. ఒక్క అక్షరం పోకుండా చదివాను. చదివి, ఏడ్చి, అందరికీ పంపాను.

గంట తిరక్కుండా మా మగవాళ్ళు వెళ్ళి దుప్పట్లవాళ్ళని ముగ్గుర్ని పట్టుకుని వలలు అల్లే పాక దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఏటా చలికాలంలో వచ్చే బెంగాలీవాళ్ళు. శ్రీకూర్మంలో గది తీసుకుని చుట్టుపక్కల తిరిగి అమ్ముకుంటారు. వాళ్ళలో పెద్దాయనకి గడ్డం నెరిసింది. ఆయన కాలరు చిరిగింది. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు.

మావ వచ్చాడు. పరిగెత్తలేడు కదా, కుంటుకుంటూ వచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ దుప్పట్ల మూట మీద, పెద్దాయన పక్కన కూర్చున్నాడు. బెంగాలీలో ఏదో అడిగాడు. ఆయన చిరిగిన కాలరు పట్టుకునే జవాబు చెప్పాడు.

"రగ్గు ఎంతని అడిగినాను," అన్నాడు మావ మాతో. "సానా ఎక్కువ సెప్తన్నాడు."

"నవ్వులాటా మావా?" అని అరిచాడొకడు. వాడి అన్న కూడా ఆ జైల్లోనే ఉన్నాడు. "మనోల్ని అక్కడ సంపేస్తన్నారు."

"ఎవుడు సూసినాడు?"

"వీడియో ఉన్నాది."

"వీడియో నానూ సూసినాను. కొట్టడం ఉన్నాది. ఎవుల్ని కొడతన్నారో ఎవుడు సూసినాడు?"

"కింద రాసున్నాది గదా!"

"ఎవులు సదివినారు?"

అందరూ నావైపు తిరిగారు.

"నానే మావా," అన్నాను.

"సదివినావు. సూసినావా?"

"నేదు."

నా జీవితంలో అంత బరువైన మాట నేను అనలేదు.

వెనక నుంచి ఎవరో మెల్లగా, "మావా, ఈల్లు కలకత్తా వైపోలంట. మన దేశపోలేనంట" అన్నారు. గుంపు కొంచెం మెత్తబడింది. నేనైతే ఆ మాట పట్టుకుని గట్టెక్కేదాన్ని. మావ వాడివైపు చూసి, "కాకపోతే కొడతావేటి?" అన్నాడు.

ఆ జైలునుంచి వచ్చినవాడు కదా, ఆయన్నే చెప్పమన్నారు. "ఆ గోడ నానున్న జైలు గోడలాగ నేదు," అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలోనే, "కాని నాను సూసి సానా ఏల్లయినాది. గోడ మార్చీసినారేమో. నాకు తెల్దు" అన్నాడు. అబద్ధమని ఒక్క మాట అనెయ్యొచ్చు కదా అని ఆ క్షణాన ఆయన మీద కోపం వచ్చింది నాకు. ఎన్నో రోజుల తరవాత అర్థమైంది. ఆ మాట అనేస్తే, మర్నాడు ఇంకెవరో ఇంకోమాట అనేస్తారు. వాళ్ళదీ ఆయనదీ ఒకటే అయిపోతుంది.

"రెండు రోజులాగండి. జైల్లో ఆల్లని కలిసే ములాకాత్ ఉన్నాది. దాదా ఎల్లి సూసొస్తాడు. అందాకా ఈ ముగ్గురూ నా కొట్లో ఉంటారు. కొట్టాలనుకుంటే నా కొట్టు మీద పడండి. మీ ఫోన్లన్నీ అందులోనే ఉన్నాయి, ఛార్జింగులో."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతోనే సగంమంది వెళ్ళిపోయారు.

ఆ రెండు రోజులూ వాళ్ళకి వండి పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు. ఎండు కవ్వళ్ళ చేపల పులుసూ అన్నమూ తీసుకెళ్ళి కొట్టు ముందు పెట్టి, వాళ్ళ ముఖం చూడకుండా వచ్చేసేదాన్ని. కడుపులో తమ్ముడి సంగతి ఒకవైపు, ఆ చిరిగిన కాలరు ఒకవైపు.

రెండో రోజు మధ్యాహ్నం దాదా గొంతు వచ్చింది. పేటంతా కొట్టు ముందు చేరింది. మావ ఫోన్ని ముక్కముక్కగా మోగిస్తూ, ఆపి, తెలుగులో చెప్పాడు.

"'వకీలు గుమస్తాతో కలిసి ఎల్నాను' అంటన్నాడు. 'ఏడుగుర్నీ ఇనప జాలీ అవతల నిలబెట్టినారు. ఒకడికి జొరం. దెబ్బలు నేవు. సొక్కాలు ఇప్పి సూపించమన్నాను. సూపించినారు. కూడు మాత్రం బాగోదు, అది నిజం.'"

"నిజంగా ఎల్నాడని ఏటి నమ్మకం?" అన్నాడు అన్న జైల్లో ఉన్న ఆ కుర్రాడు. మావ వాడిని కోప్పడలేదు. మంచి ప్రశ్న అడిగిన పిల్లాడిని చూసినట్టు చూశాడు.

"'అప్పన్న అనీవోడు కేరేజీ మూత ఎత్తి సూపించినాడు' అంటన్నాడు. 'లోపల ఆల్లప్ప రాత ఉన్నాదంట. మూడు అచ్చరాలు. మొదటిది ఒంటరిది. మిగతా రెండిటి కిందా పిల్లలు ఏలాడతన్నాయి. నాకు సదవడం రాదు, సూసి గీసినాను. ఆల్లప్పకి సూపించు.'"

మావ ఫోను నా చేతికిచ్చాడు. గీతల కాగితం మీద, పెన్నుతో, అటూ ఇటూ ఒరిగిపోతూ మూడు అక్షరాలు. అక్షరం అంటే తెలియని చెయ్యి బొమ్మని దించినట్టు దించింది. నేను మేకు జారి గీసిన అడ్డగీత కూడా దించాడు దాదా. అది అక్షరంలో భాగమనుకున్నాడు.

పైకి చదువుదామనుకున్నాను. వేలు ముందు ఆ అడ్డగీత మీదికి పోయింది. మావే అడిగాడు. "ఏటి రాసున్నాదే గుంటా?"

"అప్పన్న," అన్నాను. "నా రాతే మావా. ఆ గీత నాదే."

అంతకుముందు ఎన్ని చదివానో. నా కళ్ళతో చూసి ఎరిగినదాన్ని చదివింది ఆ ఒక్కసారే.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మావ ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. ఆయన ముఖం మారింది. దాదా చివర్న ఇంకో సంగతి చెప్పాడు. మా పాక దగ్గర ఎవరో తీసిన వీడియో రెండు రోజుల్లో అక్కడికి చేరింది. కింద బెంగాలీలో రాశారట, ఆంధ్రాలో ముగ్గుర్ని కొట్టి చంపేశారని. జైలు దగ్గర బజారులో జనం పోగవుతున్నారు. ఆ ఏడుగుర్నీ మాకు అప్పగించండి అంటున్నారు. "నా మిత్రుడా, ఆ ముగ్గుర్నీ నువ్వు చూశావా?" అని అడుగుతున్నాడు.

తమ్ముడి ప్రాణం అంతవరకూ అవతల ఉందనుకున్నాను. అది మా పేటలోనే, మావ రేకు కొట్టులోనే ఉంది.

మావ ఆ ముగ్గుర్నీ కొట్టు ముందు కూర్చోబెట్టి, ఫోను నా చేతికిచ్చి తీయమన్నాడు. పెద్దాయన వాళ్ళ భాషలో పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఎక్కడున్నాడో చెప్పాడు. తరవాత నావైపు చెయ్యి చూపించి చాలాసేపు ఏదో మాట్లాడాడు. మావ పగలబడి నవ్వాడు.

"ఏటంటన్నాడు మావా?"

"ఈ అప్ప పులుసులో సింతపండు మరీ ఎక్కువేస్తాది, రెండు రోజుల్నుంచి కడుపు మంటగా ఉన్నాది అంటన్నాడు."

"ఆ ముక్క తీసీయి మావా! మళ్ళీ తీద్దాం."

"ఉండనీయే. బయపడినోడు కూరకి వంకలెట్టడు."

అదే జరిగింది. దాదా ఆ వీడియోని బజారులో అందరికీ వినిపించాడట. చింతపండు మాట దగ్గర అక్కడి చేపలవాళ్ళు కూడా నవ్వారట. ఒకావిడ, "మద్రాసువైపు వాళ్ళ వంట అంతే" అందట. జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు. నా పులుసు అంత దూరం వెళ్ళి మాట పడింది. పడితే పడింది.

తరవాత ఆ రెండు వీడియోలనీ ఫోన్లలోంచి తీసేయించడానికి చాలా రోజులు పట్టింది. విజయనగరం కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన ఆ వీడియోలు తిరిగే యాప్ కంపెనీకి ఇంగ్లీషులో రాశాడు. తప్పేమీ కనబడలేదని జవాబు వచ్చింది. అవతల దాదా కూతురు రాసింది. ఆ అమ్మాయికీ అదే జవాబు. ఇద్దరూ కలిసి ఒకే కాగితం రాశాక అర్థమైంది కంపెనీవాళ్ళకి. ఆ పోలీసు బట్టలు తమ దేశానివి కావని ఆ అమ్మాయి చెప్పగలదు, కింద తెలుగులో ఏం విషం ఉందో చెప్పలేదు. ఆ విషం ఏమిటో ఈయన చెప్పగలడు, ఆ బట్టలు ఎక్కడివో చెప్పలేడు. సగం అక్కడ ఉంది, సగం ఇక్కడ ఉంది. మావ ఇదంతా విని, "దిబ్బలు రెండు కావాల" అన్నాడు.

అప్పుడే ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. మావ, దాదా, దాదా కూతురు, కాలేజీ ఆయన, ఒరిస్సా తీరంలో ఇద్దరు, శ్రీలంకలో ఒకావిడ, నేను. దాని పేరు 'సూసినోలు'. ఏ వీడియో వచ్చినా, అది ఎవరి ఒడ్డుదో వాళ్ళు వెళ్ళి చూసి చెప్పాలి. చూడనివాళ్ళు మాట్లాడకూడదు. అందుకే అందులో చాలా రోజులు ఏ మాటా ఉండదు. తీసేసిన వీడియోలు వేరే ముఖంతో మళ్ళీ వస్తూనే ఉంటాయి. మళ్ళీ ఎవరో లేచి వెళతారు.

అప్పన్న ఇంకో ఐదు నెలలకి వచ్చాడు, మిగతా ఆరుగురితో కలిసి. విజయనగరం రైలు స్టేషనుకి పేటంతా వెళ్ళింది. మావ రాలేదు. కొట్టు వదిలితే ఛార్జింగు ఎవరు పెడతారన్నాడు. వాడు బస్సు దిగి, కేరేజీతో ఆయన ముందు నిలబడితే ఆయన అడిగింది ఒకటే.

"దాదాని సూసినావు గదా? పళ్ళు ఎన్ని మిగిలినాయిరా?"

"ముందువి రెండున్నాయి మావా."

"నాతో నాలుగని సెప్తన్నాడు దొంగ నాయాలు," అని నవ్వి, అటు తిరిగి, ఎవరిదో ఫోను తుడవడం మొదలుపెట్టాడు.

ఈ చలికాలం మొదట్లో మావకి జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చింది. పిల్లలు లేరు. వంతులవారీగా మేమే చూసుకున్నాం. ఆయన పోయిన వేళ వంతు నాది.

ఇవాళ పొద్దున్న దుప్పట్ల పెద్దాయన వచ్చాడు. ఇప్పుడాయనకి కాస్త తెలుగు వచ్చు. మూసి ఉన్న కొట్టు చూసి, మూట దించి, అక్కడే కూలబడ్డాడు. నేను పక్కన కూర్చుని దాదా గొంతు వినిపించాను. జవాబు చెప్పడానికి సాయం చెయ్యమన్నాను. నేను ఫోన్లో ఒక్కో మాటా చెబుతుంటే, మావ చేసినట్టే, ఆయన దాన్ని బెంగాలీలో చెప్పాడు.

"పడవలు ఒడ్డుకి వస్తన్న ఏళ, దాదా."

ఆయన చెప్పాడు.

"తలుపు తీసి ఉంచమన్నాడు. సముద్రం కనబడతాదని."

చెప్పాడు.

"నీల్లు నానే పోసినాను. మొదటి గుక్క మింగినాడు. రెండోది మింగనేదు."

ఆయన అదీ చెప్పాడు.

"సూసినాను దాదా. నానే సూసినాను."

ఆయన చెప్పలేదు. నేను ఆయన వైపు చూశాను.

"అది చెప్పక్కర్లేదు అక్కా," అన్నాడు. "ఆ మాట ఆయనకి తెలుసు."